బూట్‌లో లేవని సాఫ్ట్‌వేర్ రైడ్: డేటా పోకుండా కారణం పట్టుకునే పద్ధతి

సర్వర్ రీబూట్ చేశారు, పింగ్ రావడం లేదు. కన్సోల్ తెరిస్తే ఎమర్జెన్సీ మోడ్ అనో, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు సిస్టమ్ కన్నా ముందు లేచే చిన్న బూట్ ఇమేజ్) ప్రాంప్ట్ అనో కనిపిస్తోంది. లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్ (చాలా డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే పద్ధతి) మీద సర్వర్లు నడిపేవాళ్లకు ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అర్రే, అంటే అలా కలిపిన డిస్కుల గుంపు, లేవలేదంటే డేటా పోయిందని కాదు. చాలాసార్లు డిస్కులన్నీ బాగానే ఉంటాయి, బూట్ సమయంలో వాటిని కలపాల్సిన సెట్టింగే సరిగ్గా ఉండదు. ఇంకొన్నిసార్లు డిస్కుల లెక్కలు ఒకదానితో ఒకటి కలవక కెర్నల్ కావాలనే ఆగిపోతుంది. తప్పుడు డేటా చూపించడం కన్నా అసలు చూపించకపోవడమే మేలని దాని ఉద్దేశం. డేటా నిజంగా పోయేది ఆ తర్వాత, కంగారులో కొట్టే రెండు మూడు కమాండ్ల వల్ల.

ఈ మార్గదర్శి ఎండీఆడమ్ అనే టూల్‌తో కట్టిన అర్రేల గురించి. డెబియన్, ఉబుంటు ఒక వర్గం. రెడ్‌హ్యాట్, ఆల్మా, రాకీ ఇంకో వర్గం. తేడా ఉన్నచోట రెండూ చెప్పాం. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం.

ముందు ఇవి చేయకండి

--క్రియేట్ జోలికి పోకండి. ఇది పాత అర్రేను లేపే కమాండ్ కాదు, ఆ డిస్కుల మీద కొత్త సూపర్‌బ్లాక్ (అర్రే వివరాలుండే భాగం) రాసే కమాండ్. డిస్కుల వరుస గానీ డేటా ఆఫ్‌సెట్ (డిస్కు మీద డేటా మొదలయ్యే చోటు) గానీ తప్పితే, పాత వివరాలు చెరిగిపోయి మొదటికే మోసం వస్తుంది. --జీరో-సూపర్‌బ్లాక్ సంగతి చెప్పక్కర్లేదు.

ఫైల్‌సిస్టమ్ సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కూడా ఇప్పుడే వద్దు. అర్రే తప్పుగా కలిసి ఉంటే, అది "బాగుచేసే" ప్రతి బ్లాకూ పాడవుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది: జారిపోయిన డిస్కును --యాడ్‌తో తిరిగి చేర్చడం. అర్రే నడుస్తూ, ఒక్క డిస్కే తక్కువైనప్పుడు అది సరైన పనే. కానీ అర్రే లేవడానికి కావాల్సినన్ని డిస్కులు లేనప్పుడు --యాడ్ కొడితే, ఆ డిస్కు తన పాత స్థానం మరిచిపోయి స్పేర్‌గా (ఖాళీగా ఉండే అదనపు డిస్కుగా) మారే ప్రమాదం ఉంది. కొత్త ఎండీఆడమ్ వెర్షన్లు ఇలాంటి సందర్భంలో డేటా నాశనం కావచ్చని చెప్పి ఒప్పుకోవు. పాతవి ఒప్పుకుంటాయి.

ఎక్కడ ఆగింది?

బూట్‌లోడర్ గ్రబ్ దగ్గరే ఆగితే, లేదా బూట్ డివైస్ లేదని ఫర్మ్‌వేర్ అంటే, అది ఎండీ (కెర్నల్‌లోని రైడ్ భాగం) సమస్య కాదు. గ్రబ్‌ను ఒక్క డిస్కు మీదే ఇన్‌స్టాల్ చేసి ఉంటారు, ఆ డిస్కే పోయి ఉంటుంది. బయోస్‌లో రెండో డిస్కు నుంచి బూట్ చేసి చూడండి. అదీ కుదరకపోతే లైవ్ యూఎస్‌బీతో లేపి, మిగిలిన డిస్కు మీద గ్రబ్-ఇన్‌స్టాల్ నడపండి.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ గానీ, రెడ్‌హ్యాట్ వర్గంలో డ్రాకట్ (ఆ ఇమేజ్‌ను కట్టే టూల్) షెల్ గానీ వస్తే రూట్ ఫైల్‌సిస్టమ్ ఉన్న అర్రే లేవలేదని అర్థం. అప్పుడు ఒకసారి ఇది కొట్టండి:

ఎండీఆడమ్ --అసెంబుల్ --స్కాన్

లేచిందా, ఎగ్జిట్ కొట్టండి, బూట్ ముందుకు సాగుతుంది. మధ్యలో ఎల్‌వీఎమ్ (అర్రే మీద వాల్యూమ్‌లు కట్టే పొర) ఉంటే ఎగ్జిట్‌కు ముందు ఎల్‌వీఎమ్ వీజీఛేంజ్ -ఎవై కూడా కొట్టాలి. ఇలా చేత్తో చెబితే లేచిందంటే డిస్కులు బాగున్నట్టే, లోపం కాన్ఫిగరేషన్‌లోనో టైమింగ్‌లోనో ఉంది.

తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ, "స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అంటూ 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెట్టి, ఆపై రూట్ పాస్‌వర్డ్ అడిగితే, లేవనిది డేటా అర్రే. దాన్ని మౌంట్‌ల పట్టిక అయిన ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో తప్పనిసరిగా మౌంట్ చేయమని రాసి ఉండటంతో, బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి మొత్తం బూట్‌నే ఆపేసింది. పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, రూట్‌ను రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేయండి:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /

తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్‌కు ముందు # పెట్టి రీబూట్ చేస్తే, కనీసం ఎస్ఎస్‌హెచ్ వస్తుంది. మిగతా పని కూర్చుని నింపాదిగా చేసుకోవచ్చు. రూట్ అకౌంట్‌కు తాళం వేసి ఉన్న కొన్ని సిస్టమ్‌లలో ఈ షెల్ కూడా రాదు, అప్పుడు లైవ్ యూఎస్‌బీయే దారి.

రాయకుండా చదవండి

ఇప్పుడు వివరాలు సేకరించాలి. వీటిలో ఏదీ డిస్కు మీద ఒక్క బైటు కూడా రాయదు:

క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్
ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,సీరియల్,ఎఫ్ఎస్‌టైప్
ఎండీఆడమ్ --ఎగ్జామిన్ /డెవ్/ఎస్‌డీఏ1 (ప్రతి మెంబర్‌కూ విడివిడిగా)
స్మార్ట్‌సీటీఎల్ -ఎ /డెవ్/ఎస్‌డీఏ (ప్రతి డిస్కుకూ)
డీమెసేజ్ అవుట్‌పుట్‌లో ఎండీ, రైడ్, ఏటీఏ అనే పదాలున్న లైన్లు

వీటి అవుట్‌పుట్ మొత్తాన్ని అర్రేతో సంబంధం లేని ఫైలులోకి, వీలైతే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఏ మెట్టు దగ్గర తప్పు జరిగినా, వెనక్కి రావడానికి దారి చూపేది ఈ ఎగ్జామిన్ అవుట్‌పుట్టే. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు బూట్ బూట్‌కీ మారుతుంటాయి కాబట్టి పక్కనే సీరియల్ నంబర్ రాసుకోండి.

ఎండీస్టాట్‌లో "ఇన్‌యాక్టివ్" అని ఉండి, డిస్కులన్నిటి పక్కన బ్రాకెట్లలో ఎస్ అక్షరం కనిపిస్తే అవన్నీ స్పేర్‌లైపోయాయని హడలిపోకండి. లేవని అర్రేను అది అలాగే చూపిస్తుంది. అసలు స్థానం ఎగ్జామిన్ అవుట్‌పుట్‌లోని "డివైస్ రోల్" లైన్‌లో ఉంటుంది.

ఎగ్జామిన్‌లో చూడాల్సినవి నాలుగు: ఈవెంట్స్, అప్‌డేట్ టైమ్, డివైస్ రోల్, అర్రే స్టేట్. అర్రేలో ఏ మార్పు జరిగినా ఈవెంట్స్ సంఖ్య పెరుగుతుంది, అన్ని మెంబర్లలోనూ ఒకేలా ఉండాలి. ఏదైనా డిస్కు మధ్యలో జారిపోతే దాని సంఖ్య అక్కడే ఆగిపోతుంది. ఉదాహరణకు నాలుగు డిస్కుల రైడ్-5లో ఇలా ఉందనుకోండి:

ఎస్‌డీఏ1: ఈవెంట్స్ 48213
ఎస్‌డీబీ1: ఈవెంట్స్ 48213
ఎస్‌డీసీ1: ఈవెంట్స్ 48209
ఎస్‌డీడీ1: ఈవెంట్స్ 31077, అప్‌డేట్ టైమ్ రెండు నెలల కిందటిది

జరిగిన కథ మొత్తం ఇందులోనే ఉంది. ఎస్‌డీడీ రెండు నెలల కిందే జారిపోయింది, ఎవరూ చూసుకోలేదు. అర్రే మూడు డిస్కుల మీద నడుస్తూ వచ్చింది. నిన్న కేబుల్ వల్లనో, చదవలేని సెక్టార్ వల్లనో ఎస్‌డీసీ కూడా జారింది. రైడ్-5 ఒక్క డిస్కు లోటునే తట్టుకుంటుంది కాబట్టి అక్కడితో ఆగింది. డేటా ఇంకా ఏ, బీ, సీల మీద దాదాపు పూర్తిగా ఉంది. డీ మాత్రం పనికిరాదు. దాన్ని కలిపారంటే రెండు నెలల కిందటి ముక్కలు ఇవాళ్టి ఫైళ్లలోకి వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడి నుంచి దారులు చీలతాయి. డిస్కే కనిపించకపోతే అది హార్డ్‌వేర్ లేదా డ్రైవర్ గొడవ. డిస్కులు కనిపించి, ఈవెంట్స్ కూడా కలిస్తే కాన్ఫిగరేషన్. ఈవెంట్స్ తేడాగా ఉంటే బలవంతంగా లేపడం గురించి ఆలోచించాలి. సూపర్‌బ్లాకే లేదంటే అన్నిటికన్నా కష్టమైనది.

డిస్కు కనిపించకపోతే

కేబుల్, పవర్, బ్యాక్‌ప్లేన్ చూడటం మామూలే. వాటికన్నా తరచుగా దొరికే తప్పు ఒకటుంది. లైవ్ యూఎస్‌బీలో అన్ని డిస్కులూ కనిపిస్తాయి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ షెల్‌లో మాత్రం కనిపించవు. అంటే హెచ్‌బీఏ కార్డు (డిస్కులను మిషన్‌కు కలిపే కంట్రోలర్) డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోకి చేరలేదు. కొత్త కార్డుకు మార్చినప్పుడు, లేదా ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు డిస్కులు మార్చినప్పుడు ఇలా జరుగుతుంది. ఎల్ఎస్ఐ ఎస్ఏఎస్ కార్డులైతే ఆ మాడ్యూల్ పేరు ఎంపీటీ3ఎస్ఏఎస్. డెబియన్ వర్గంలో దాన్ని /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/మాడ్యూల్స్ ఫైల్‌లో ఒక లైన్‌గా రాయాలి, రెడ్‌హ్యాట్ వర్గంలో డ్రాకట్‌కు --యాడ్-డ్రైవర్స్‌తో ఇవ్వాలి.

డిస్కులు ఆలస్యంగా తిరగడం మొదలుపెట్టే సర్వర్లూ ఉంటాయి. పన్నెండు డిస్కుల షెల్ఫ్‌లో కరెంట్ ఒక్కసారిగా లాగకుండా ఒకటొకటిగా తిప్పుతారు. ఈ లోపు బూట్‌కు ఓపిక అయిపోతుంది. రూట్ అర్రే అయితే డెబియన్ వర్గంలో కెర్నల్ లైన్‌కు రూట్‌డిలే=60 చేర్చండి. డేటా అర్రే అయితే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఆప్షన్లలో ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=5మిన్ పెట్టండి.

దీనికి ఇంకో కోణం ఉంది. డిస్కు ఒక్కొక్కటి కనిపించినప్పుడల్లా యూడెవ్ (కొత్త డివైస్‌లను గుర్తించే సర్వీస్) దాన్ని ఎండీఆడమ్ --ఇంక్రిమెంటల్‌కు అందిస్తుంది. అందరూ వచ్చాక అర్రే మొదలవుతుంది. ఒకరు రాకపోతే సిస్టమ్‌డీలోని ఎండీఆడమ్-లాస్ట్-రిసార్ట్ టైమర్ 30 సెకన్లు చూసి, ఉన్నవాళ్లతోనే డిగ్రేడెడ్‌గా, అంటే డిస్కు లోటుతో, నడిపేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ 35వ సెకనుకు వచ్చిన నాలుగో డిస్కు అప్పటికే పాతబడిపోయి ఉంటుంది, "కికింగ్ నాన్-ఫ్రెష్" అన్న లైన్ డీమెసేజ్‌లో కనిపిస్తుంది. ప్రతి రీబూట్‌కీ ఒక డిస్కు జారిపోతుంటే డిస్కును అనుమానించే ముందు ఈ టైమర్‌ను చూడండి. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆ టైమర్‌ను తెరిచి, ఆన్‌యాక్టివ్‌సెక్‌ను (ఓ, ఏ, ఎస్ పెద్ద అక్షరాలు) మొదట ఖాళీగా, కింద మళ్లీ 120గా రాస్తే సరిపోతుంది. జారిన డిస్కును --రీ-యాడ్‌తో చేర్చండి. ఇంటర్నల్ బిట్‌మ్యాప్ (ఏ బ్లాకులు మారాయో రాసుకునే లెక్క) ఉంటే మారిన బ్లాకులే రాస్తుంది కాబట్టి గంటల పని నిమిషాల్లో అయిపోతుంది.

చేత్తో లేస్తుంది, బూట్‌లో లేవదు

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. దీని ముఖ్య లక్షణం ఎండీ0 బదులు ఎండీ127 కనిపించడం. ఎండీఆడమ్‌కు అర్రే పేరు కాన్ఫిగరేషన్‌లో దొరకకపోయినా, సూపర్‌బ్లాక్‌లోని హోస్ట్‌నేమ్ ఈ మిషన్ పేరుతో కలవకపోయినా అది వేరే మిషన్ నుంచి వచ్చిన అర్రే అనుకుని 127 నుంచి కిందికి నంబర్లు ఇస్తుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో /డెవ్/ఎండీ0 అని రాసి ఉంటే, మౌంట్ కాదు.

ముందు అర్రేను చేత్తో లేపండి. "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటే సగం కలిసి ఆగిన ఎండీ127 ఆ డిస్కులను పట్టుకుని ఉంది. దాన్ని ఆపండి:

ఎండీఆడమ్ --స్టాప్ /డెవ్/ఎండీ127
ఎండీఆడమ్ --అసెంబుల్ --స్కాన్ --వెర్బోస్

ఆపినా బిజీ అంటుంటే మల్టీపాత్ సర్వీస్ ఆ డిస్కులను ముందే తీసుకుందేమో ఎల్ఎస్‌బీఎల్‌కేలో చూడండి. డిస్కు కింద ఎంపాత్ అనే మెట్టు కనిపిస్తే ఆ డిస్కులను మల్టీపాత్ బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాలి.

అర్రే లేచాక దాని గుర్తింపు లైన్ తీసుకోండి:

ఎండీఆడమ్ --డీటెయిల్ --స్కాన్

వచ్చిన లైన్‌ను డెబియన్ వర్గంలో /ఈటీసీ/ఎండీఆడమ్/ఎండీఆడమ్.కాన్ఫ్‌లో, రెడ్‌హ్యాట్ వర్గంలో /ఈటీసీ/ఎండీఆడమ్.కాన్ఫ్‌లో పెట్టండి. నెట్‌లో దొరికే సలహాలన్నీ రెండు "గ్రేటర్ దేన్" గుర్తులతో ఫైల్ చివర అతికించమంటాయి. అలా నాలుగుసార్లు చేసినవాళ్ల ఫైల్‌లో ఒకే అర్రే నాలుగు పేర్లతో ఉంటుంది. ఎడిటర్‌లో తెరిచి, పాత లైన్లు తీసేసి, ఒక్కటి ఉంచండి. దానిలో అర్రే అనే పదం, మీకు కావాల్సిన పేరు, యూయూఐడీ ఉంటే చాలు. హోస్ట్‌నేమ్ ఉన్న నేమ్= భాగాన్ని తీసేయడమే మంచిది, రేపు హోస్ట్‌నేమ్ మారినా గొడవ ఉండదు.

అదే ఫైల్‌లో ఇంకో రెండు లైన్లు చూడండి. డివైస్ అనే లైన్‌లో ఎస్‌డీబీ1, ఎస్‌డీసీ1 అని పేర్లు పెట్టి ఉంటే, డిస్కు పేరు మారిన రోజున ఎండీఆడమ్ దానివైపు కన్నెత్తి కూడా చూడదు. ఆ లైన్ తీసేయండి. ఆటో -ఆల్ అని ఉంటే, ఫైల్‌లో పేరు లేని ఏ అర్రేనూ తనంతట తాను కలపదు.

ఫైల్ సేవ్ చేసి రీబూట్ చేస్తే మళ్లీ అదే తీరు. ఎందుకంటే బూట్ మొదట్లో ఎండీఆడమ్ చదివేది ఈ ఫైల్‌ను కాదు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లోపల ఉన్న పాత కాపీని. దాన్ని మళ్లీ కట్టాలి:

డెబియన్, ఉబుంటు: అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు -కె ఆల్
రెడ్‌హ్యాట్ వర్గం: డ్రాకట్ --ఫోర్స్ --ఎండీఆడమ్‌కాన్ఫ్

కట్టిన తర్వాత లోపలికి చేరిందో లేదో ఎల్ఎస్ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేదా ఎల్ఎస్ఇనిట్‌ఆర్‌డీతో చూసి, కాన్ఫ్ ఫైల్ ఉందా, రైడ్1 లేదా రైడ్456 మాడ్యూల్ ఉందా నిర్ధారించుకోండి. లైవ్ యూఎస్‌బీ నుంచి చేస్తుంటే అర్రేను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ బైండ్ మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ అయ్యాకే ఈ కమాండ్ కొట్టాలి. బూట్ పార్టిషన్ విడిగా ఉంటే అదీ మౌంట్ అయి ఉండాలి. లేదంటే కొత్త ఇమేజ్ ఎవరూ చదవని ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్తుంది.

యూయూఐడీల దగ్గర తికమక మామూలే. అర్రే యూయూఐడీ ఎనిమిదేసి అక్షరాల నాలుగు గుంపులు, మధ్యలో కోలన్లు. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ మధ్యలో హైఫన్లు ఉంటాయి, బీఎల్‌కేఐడీ చూపిస్తుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పెట్టాల్సింది హైఫన్లది. డ్రాకట్ వాడే సిస్టమ్‌లలో కెర్నల్ లైన్‌లోని ఆర్‌డీ.ఎండీ.యూయూఐడీ= తర్వాత రాయాల్సింది కోలన్లది. పాత డిస్కులు తీసి కొత్త అర్రే కట్టినవాళ్లు ఈ రెండోది మార్చడం మర్చిపోతారు. కెర్నల్ లైన్‌లో ఒక యూయూఐడీ రాసి ఉందంటే డ్రాకట్ దాన్నే లేపుతుంది, మిగతావాటిని వదిలేస్తుంది.

డేటా అర్రేకు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ పెట్టడం మంచి అలవాటు, అర్రే లేకపోయినా సర్వర్ బూట్ అవుతుంది. దానితో వచ్చే తలనొప్పి కూడా తెలిసి ఉండాలి. మౌంట్ కాని ఖాళీ ఫోల్డర్‌లో డేటాబేస్ నిక్షేపంగా కొత్త ఫైళ్లు రాయడం మొదలుపెడుతుంది, రూట్ డిస్కు నిండుతుంది, తర్వాత అర్రే వచ్చి మౌంట్ అయితే ఆ ఫైళ్లు కంటికి కనిపించవు. ఆ సర్వీస్ యూనిట్ ఫైల్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్= (ఆర్, ఎమ్, ఎఫ్ పెద్ద అక్షరాలు) అని మౌంట్ పాయింట్ రాయండి. మౌంట్ కాని స్థితిలో ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్ఏటీటీఆర్ +ఐ కొట్టి ఉంచితే ఇంకా భద్రం.

లెక్కలు కలవనప్పుడు

ఒక్క డిస్కు మాత్రమే తక్కువై, మిగతావాటి ఈవెంట్స్ సమానంగా ఉంటే --అసెంబుల్‌కు --రన్ చేర్చితే చాలు, డిగ్రేడెడ్‌గా లేస్తుంది. రైడ్-5, రైడ్-6లలో కరెంట్ పోయిన సమయానికి అర్రే అప్పటికే డిగ్రేడెడ్‌గా ఉంటే మాత్రం "కెనాట్ స్టార్ట్ డర్టీ డిగ్రేడెడ్ అర్రే" అంటుంది. సగం రాసిన స్ట్రైప్‌లో పారిటీని (పోయిన ముక్కను తిరిగి లెక్కకట్టడానికి దాచిన సమాచారాన్ని) నమ్మలేం కాబట్టి అలా ఆగుతుంది. ఇక్కడ --ఫోర్స్ తప్పదు. రూట్ అర్రే అయితే కెర్నల్ లైన్‌లో ఎండీ-మాడ్.స్టార్ట్_డర్టీ_డిగ్రేడెడ్=1 అని ఆ ఒక్క బూట్‌కు మాత్రమే ఇవ్వండి, శాశ్వతంగా వద్దు.

ఇందాకటి నాలుగు డిస్కుల ఉదాహరణకు వద్దాం. సీ డిస్కు స్మార్ట్ రిపోర్ట్‌లో పెండింగ్ సెక్టార్లు ఉంటే ఏ ప్రయత్నమూ చేయకముందే డీడీరెస్క్యూతో దాన్ని కొత్త డిస్కు మీదికి కాపీ చేసి, పాతది తీసి పక్కన పెట్టండి. చావబోయే డిస్కును బలవంతంగా అర్రేలో నడిపితే రీబిల్డ్ మధ్యలో మళ్లీ పడిపోతుంది. డిస్కు బాగానే ఉండి, కేబుల్ మార్చాక స్థిరంగా ఉంటే:

ఎండీఆడమ్ --స్టాప్ /డెవ్/ఎండీ0
ఎండీఆడమ్ --అసెంబుల్ --ఫోర్స్ --రీడ్‌ఓన్లీ /డెవ్/ఎండీ0 /డెవ్/ఎస్‌డీఏ1 /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీసీ1

డీ పేరు ఇందులో లేదు, గమనించండి. --స్కాన్ కూడా వాడలేదు, ఏ డిస్కు ఉండాలో మనమే చెబుతున్నాం. --ఫోర్స్ చేసేదల్లా సీ ఈవెంట్స్‌ను మిగతావాటితో సమానం చేసి లోపలికి రానివ్వడమే. తేడా నాలుగైదు, పాతిక ఈవెంట్లయితే పోయేది చివరి క్షణాల్లో రాసినది మాత్రమే. వేలల్లో తేడా ఉన్న డిస్కు మీదే ఆధారపడాల్సి వస్తే, అసలు డిస్కుల మీద కాకుండా కింద చెప్పిన ఓవర్‌లే మీద ముందు ప్రయత్నించండి.

లేచిన తర్వాత రాయకుండా మౌంట్ చేయాలి. ఎక్స్‌టీ4 అయితే -ఓ ఆర్ఓ,నోలోడ్. ఎక్స్ఎఫ్ఎస్ అయితే -ఓ ఆర్ఓ,నోరికవరీ. ఈ రెండో ఆప్షన్ లేకపోతే జర్నల్ ఆడించడానికి ప్రయత్నించి, అర్రే రీడ్‌ఓన్లీ కాబట్టి మౌంట్ ఫెయిల్ అవుతుంది. అప్పుడు డేటా పోయిందనుకుని బెంబేలు పడేవాళ్లున్నారు. ఎఫ్ఎస్‌సీకే -ఎన్ కూడా జర్నల్ ఆడించకుండానే చూస్తుంది కాబట్టి కొన్ని తప్పులు చూపిస్తుంది. పదుల్లో ఉంటే సహజం, తెర ఆగకుండా పరిగెడితే అర్రే తప్పుగా కలిసింది. ఈమధ్య రాసిన పెద్ద ఫైళ్లు రెండు మూడు తెరిచి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. అవి బాగుంటే ముఖ్యమైన డేటా వేరేచోటికి కాపీ చేసి, ఆ తర్వాతే అర్రేను రీడ్-రైట్‌కు మార్చి, ఫైల్‌సిస్టమ్ సరిచూసి, చివరగా డీ స్థానంలో కొత్త డిస్కును --యాడ్ చేయండి.

సూపర్‌బ్లాకే కనిపించకపోతే

పార్టిషన్ లేకుండా డిస్కు మొత్తాన్ని అర్రేలో కలిపినవాళ్లకు ఇది వస్తుంది. రీబూట్ తర్వాత అన్ని డిస్కుల మీదా ఒకేసారి "నో ఎండీ సూపర్‌బ్లాక్" అంటుంది. మూడు డిస్కులు ఒకే రాత్రి చచ్చిపోవు కదా, ఎవరో వాటి మీద రాశారు.

మామూలుగా ఆ పని చేసేది మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్. ఇప్పటి డిఫాల్ట్ అయిన 1.2 మెటాడేటాలో సూపర్‌బ్లాక్ డిస్కు మొదటి నుంచి 4096వ బైటు దగ్గర, అంటే 512 బైట్ల లెక్కన 8వ సెక్టార్‌లో ఉంటుంది. జీపీటీ పార్టిషన్ టేబుల్‌కు 1వ సెక్టార్ హెడర్, 2 నుంచి 33 వరకు ఎంట్రీలు. 8వది సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. ఆ డిస్కు మీద ఒకప్పుడు జీపీటీ ఉండి ఉంటే దాని బ్యాకప్ కాపీ డిస్కు చివర ఇంకా బతికే ఉంటుంది. కొన్ని యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్లు బూట్‌లో ఆ బ్యాకప్ చూసి, మొదట్లో ఉన్నది పాడైందనుకుని, మంచి ఉద్దేశంతోనే మొత్తం తిరగరాస్తాయి. సూపర్‌బ్లాక్ మీద సున్నాలు పడతాయి.

వైప్‌ఎఫ్ఎస్ /డెవ్/ఎస్‌డీబీ అని ఏ ఆప్షనూ లేకుండా కొడితే అది దేన్నీ చెరపదు, ఉన్న గుర్తులను మాత్రం చూపిస్తుంది. 0ఎక్స్200 దగ్గర జీపీటీ ఉండి, 0ఎక్స్1000 దగ్గర లినక్స్ రైడ్ మెంబర్ లేకపోతే జరిగింది ఇదే.

ఒక్క ఈ సందర్భంలోనే --క్రియేట్ --అస్యూమ్-క్లీన్ అవసరమవుతుంది, అదీ అసలు డిస్కుల మీద కాదు. ప్రతి డిస్కుకూ ఒక ఓవర్‌లే కట్టండి. ట్రంకేట్‌తో వేరే డిస్కు మీద పెద్ద ఖాళీ ఫైల్, దానికి లూసెటప్‌తో లూప్ డివైస్, ఆ రెంటినీ కలిపి డీఎమ్‌సెటప్ క్రియేట్‌కు ఇచ్చే టేబుల్ ఇలా:

0 (బ్లాక్‌డెవ్ --గెట్‌ఎస్‌జడ్ చూపిన సెక్టార్లు) స్నాప్‌షాట్ /డెవ్/ఎస్‌డీబీ /డెవ్/లూప్1 పీ 8

ఇందులో పీ మాత్రం పెద్ద అక్షరం. ఇకపై రాసినదంతా ఆ ఫైల్‌లోకి వెళ్తుంది, డిస్కు మీద గీత కూడా పడదు. ప్రయత్నం తప్పితే ఓవర్‌లే చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

క్రియేట్‌కు కావాల్సినవి: లెవెల్, డిస్కుల సంఖ్య, మెటాడేటా వెర్షన్, చంక్ (మామూలుగా 512కే), లేఅవుట్ (రైడ్-5కు మామూలుగా లెఫ్ట్-సిమెట్రిక్), డేటా ఆఫ్‌సెట్, డిస్కుల వరుస. ఒక్క డిస్కు సూపర్‌బ్లాక్ మిగిలినా వరుస తప్ప మిగతావన్నీ దాని ఎగ్జామిన్‌లో దొరుకుతాయి. వరుస పాత లాగ్‌లలో దొరకవచ్చు. "రైడ్ కాన్ఫ్ ప్రింటౌట్" అనే లైన్ కింద డిస్క్ 0, డిస్క్ 1 అని పేర్లతో సహా ఉంటుంది. డేటా ఆఫ్‌సెట్ దగ్గర జాగ్రత్త: ఎగ్జామిన్ దాన్ని సెక్టార్లలో చూపిస్తుంది, --డేటా-ఆఫ్‌సెట్ కిలోబైట్లలో తీసుకుంటుంది. 264192 సెక్టార్లంటే 132096కే. ఈ ఆప్షన్ ఇవ్వకుండా వదిలేస్తే ఎండీఆడమ్ తన వెర్షన్‌కు తోచిన ఆఫ్‌సెట్ పెట్టుకుంటుంది, అప్పుడు డిస్కుల వరుస సరిగ్గా ఉన్నా ఫైల్‌సిస్టమ్ కనిపించదు. వరుస తెలియకపోతే నాలుగు డిస్కులకు 24 అమరికలు. ఒక్కొక్కటీ కలిపి ఎఫ్ఎస్‌సీకే -ఎన్‌తో చూసుకుంటూ పోవాలి, ఓపిక పని.

బయటపడ్డాక, మళ్లీ రీబూట్ చేసేలోపే చివరనున్న పాత జీపీటీని తీసేయండి. అర్రే ఆగి ఉండగా వైప్‌ఎఫ్ఎస్ --బ్యాకప్ --ఆల్ --టైప్స్ జీపీటీ కొడితే అది ఒక్కటే పోతుంది. ఇకపై కట్టే అర్రేలకు డిస్కు మీద ముందు ఒక పార్టిషన్ చేసి, దాని టైప్ లినక్స్ రైడ్‌గా పెట్టి, ఆ పార్టిషన్‌నే మెంబర్‌గా ఇవ్వండి.

అరుదుగా వచ్చేవి

కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత రైడ్-0 ఒక్కటే లేవక, డీమెసేజ్‌లో "మల్టీ-జోన్" అన్న మాట కనిపిస్తే అది వేరు వేరు సైజుల డిస్కులతో కట్టినది. 3.14 కెర్నల్‌లో డేటా అమరిక పొరపాటున మారిపోయింది. అది 5.4లో బయటపడి, ఏ అమరికో చెప్పేదాకా లేపనని కెర్నల్ అంటుంది. 3.14కు ముందు కట్టి, అప్పటి కెర్నళ్ల మీదే రాసినదైతే కెర్నల్ లైన్‌లో రైడ్0.డిఫాల్ట్_లేఅవుట్=1, ఆ తర్వాతదైతే 2. ఊహించి పెట్టకండి, తప్పు అంకెతో రాస్తే డేటా పాడవుతుంది.

రీషేప్ (అర్రే అమరికను మార్చే పని) మధ్యలో రీబూట్ అయితే "క్రిటికల్ సెక్షన్" అంటూ ఆగవచ్చు. రీషేప్ మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన బ్యాకప్ ఫైల్‌ను --అసెంబుల్‌కు --బ్యాకప్-ఫైల్=తో చూపించాలి. ఆ ఫైల్‌ను అదే అర్రే మీద దాచుకున్నవాళ్లు మాత్రం చిక్కుల్లో పడతారు.

లేచిన తర్వాత

ఎండీస్టాట్ బ్రాకెట్లలో అన్నీ యూ అక్షరాలే (బాగున్న డిస్కులే) ఉన్నాయని చూసుకుని, మనుషులు పక్కనున్న సమయంలో ఒకసారి రీబూట్ చేసి పరీక్షించండి. గ్రబ్‌ను ప్రతి బూట్ డిస్కు మీదా ఇన్‌స్టాల్ చేయండి. యూఈఎఫ్ఐ అయితే రెండో డిస్కులోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో కూడా ఫైళ్లున్నాయో లేదో చూడండి.

ఎండీఆడమ్.కాన్ఫ్‌లో మెయిల్‌ఎడిడిఆర్ లైన్‌లో మీరు రోజూ చూసే అడ్రస్ పెట్టి, మెయిల్ నిజంగా వస్తోందో లేదో పరీక్షించండి:

ఎండీఆడమ్ --మానిటర్ --స్కాన్ --టెస్ట్ --వన్‌షాట్

పైన చెప్పిన ఎస్‌డీడీ రెండు నెలలు ఎవరి కంటా పడకపోవడానికి కారణం, ఆ మెయిల్ అదే సర్వర్‌లోని రూట్ మెయిల్‌బాక్స్‌లోకి వెళ్లడం.

ఇక మంచి డిస్కులు ఊరికే జారిపోవడానికి ఒక కారణం టైమౌట్. డెస్క్‌టాప్ డిస్కు చదవలేని సెక్టార్ తగిలితే రెండు నిమిషాలకు పైగా దానితోనే కుస్తీ పట్టవచ్చు, కెర్నల్ 30 సెకన్లకే విసిగిపోయి డిస్కును రీసెట్ చేస్తుంది, ఎండీ దాన్ని బయటికి తోసేస్తుంది. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 కొడితే డిస్కు 7 సెకన్లకే వదిలేసి తప్పు ఒప్పుకుంటుంది, ఎండీ ఆ ముక్కను పారిటీ నుంచి తిరిగి రాస్తుంది. ఆ సౌకర్యం లేని డిస్కులకు /సిస్/బ్లాక్/ఎస్‌డీబీ/డివైస్/టైమౌట్‌లో 180 రాయండి. పవర్ తీస్తే రెండూ పోతాయి కాబట్టి యూడెవ్ రూల్‌లోనో, బూట్‌లో నడిచే స్క్రిప్ట్‌లోనో పెట్టుకోవాలి.